రాసింది జరుగుతుందేమోనని

నా మొదటి నవలలో కథానాయిక భర్తకు కాలు విరిగే అధ్యాయం ఒకటి ఉంది. అది రాయడం ముగించిన కొద్దిరోజులకే మా ఆయన కాలు విరిగింది.

ఇప్పుడు ఈ మాట ఇంత మామూలుగా చెబుతున్నాను గానీ, అప్పట్లో మనసులో అనుకోవడానికి కూడా భయపడేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు. నవ్వకపోతే ఎలాగని.

నేను పుట్టింది ఆళ్లగడ్డలో. పెళ్లయి నంద్యాలకు వచ్చాను. ఉద్యోగం మళ్లీ నన్ను ఆళ్లగడ్డకే లాక్కుపోయింది. అక్కడొక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో తిరిగి రావడం. ఇంట్లో అప్పుడు నలుగురం. బియ్యం మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసే మా ఆయన, ఏడో తరగతి చదివే మా పాప, మా అత్త, నేను. అత్త చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్లవారకముందే లేచి బైబిలు చదువుకుని, ప్రార్థన చేసుకుని వంటింట్లోకి వచ్చేది. అప్పటికి నేను స్టవ్వు దగ్గర ఉంటే చేతిలో గరిటె లాక్కునేది.

"నీ రాత నువ్వు చూసుకో పో. ఈడ నాకు అడ్డం నిలబడాకు" అనేది.

ఆమె అలా తోసేయడం వల్లే నాకు పొద్దున కాస్త సమయం దొరికేది. మిగతాదంతా బస్సులోనే. అంతకుముందు పత్రికల్లో నా కథలు కొన్ని వచ్చాయి. కథ అయితే రెండు ఆదివారాలు ఓపిక పడితే ఒక రూపానికి వస్తుంది. నవల అలా కాదు. అది ఇంట్లో మరో మనిషి వచ్చి చేరినట్టే. తిన్నా, పడుకున్నా, బోర్డు మీద సంధులు రాస్తున్నా, పక్కనే కూర్చుని ఉంటుంది.

నవల ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక ఇంటి గురించి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన స్త్రీ నా కథానాయిక. భర్త కాలి మీద రాయి దొర్లుతుంది. అతను మంచంలో ఉండగానే ఒక్కగానొక్క కూతురు జ్వరంతో చనిపోతుంది. ఆ తర్వాత ఆమె ఎవరినీ అడగకుండా భర్త ఉలి చేతిలోకి తీసుకుంటుంది. మొదట్నుంచీ నా మనసులో ఉన్న కథ అదే. ఆ పాప చనిపోకపోతే ఆమె ఉలి పట్టదు. ఆమె ఉలి పట్టకపోతే నవలే లేదు.

మొదట్లో రాయడం ఎంత సులువుగా సాగిందో చెబితే ఎవరూ నమ్మరు. బస్సులో ఎడమ కిటికీ పక్క సీటు దొరికితే దూరంగా నల్లమల కనిపించేది. ఫోనులో బొటనవేలితో టైపు చేసుకుంటూ పోయేదాన్ని. శిరివెళ్లలో ఎక్కే బట్టల కొట్టు యజమాని ఒకాయన దారి పొడుగునా ఫోనులో భార్యతో పోట్లాడేవాడు. ఆయన మాటలు నా నవలలో కథానాయిక మామ నోట్లోకి చేరిపోయాయి. కథానాయిక పక్కింట్లో నోటి దురుసు ముసలామె ఒకామె ఉండాలి. ఆమెకు మా అత్త మాట, మా అత్త నవ్వు, మా అత్త నడక ఇచ్చేశాను. అత్తకు ఆ సంగతి తెలుసు. నన్ను ఎంత లావుగా రాసినావని మాత్రం అడిగింది.

ఆ రోజు నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. మిల్లు నుంచి ఫోను వచ్చింది. మా ఆయన బస్తాల మీద నుంచి జారి పడ్డాడని, కాలికి దెబ్బ తగిలిందని, ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని, కంగారు పడొద్దని చెప్పారు. హెడ్మాస్టరు వెంటనే పంపించేశాడు. బస్సులో కూర్చున్నాక గానీ ఆ సంగతి తట్టలేదు. ఏ కాలు అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేనట్టుగా, నాకు ముందే తెలిసినట్టుగా ఊరుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూపించాడు. ఎడమ కాలు, మోకాలి కింద. నా నవలలో కూడా ఎడమ కాలే, మోకాలి కిందే. ఎడమ కాలని ఎందుకు రాశానో నాకే తెలియదు. కుడి అని రాస్తే వాక్యం సరిగ్గా కుదరలేదంతే. డాక్టరు ప్లేటు వేయాలని, ఆరు నెలలు బరువులు ఎత్తకూడదని ఏదేదో చెబుతున్నాడు. నేను తల ఊపుతున్నాను.

మంచం మీద ఆయన నా మొహం చూసి, తనే నాకు ధైర్యం చెప్పాడు. "కాలే గదా ఇరిగింది. ఎందుకట్ల చూస్తాండావు?" అన్నాడు.

తెలుగులో రాత అనే మాటకు రెండు అర్థాలున్నాయని క్లాసులో పిల్లలకు ఎన్నిసార్లో చెప్పాను. చేతితో రాసేది రాత. నుదుటి మీద ఉండేదీ రాతే. పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు మొదటిసారి ఆ రెండూ వేరు కావేమో అనిపించింది.

కాకతాళీయమని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని, చదువు చెప్పేదాన్ని. కానీ భయం చదువుతో వాదించదు. పక్కన కూర్చుని కాచుకుంటుంది, అంతే. తర్వాతి అధ్యాయంలో కథానాయిక ఇంట్లో బోరు మోటారు కాలిపోయి ఆమె వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడుతుంది. ఎండాకాలం రాగానే మా ఇంట్లో మోటారు కాలిపోయింది. నంద్యాలలో ఎండాకాలం ఎన్ని ఇళ్లల్లో మోటార్లు కాలిపోతాయో నాకు తెలుసు. మా వీధిలోనే ఇంకో రెండు కాలిపోయాయి. అయినా మెకానిక్కు మోటారు విప్పి నల్లబడిన తీగలు చూపించినప్పుడు, ఆ అధ్యాయం రాసి ఎన్ని రోజులైందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఆ తర్వాత రాయాల్సింది పాప జ్వరం.

అక్కడ ఆగిపోయాను. రేపు రాద్దాం, రేపు రాద్దామని వాయిదా వేశాను. మా పాప పక్క గదిలో హోంవర్కు చేసుకుంటూ పాట పాడుకుంటుంటే, నేను ఫోను చేతిలో పట్టుకుని 'జ్వరం' అనే ఒక్క మాట టైపు చేసి, మళ్లీ చెరిపేసేదాన్ని. చివరికి కథ మార్చేశాను. పాపను వాళ్ల మేనమామ ఇంటికి పంపించేశాను. కథానాయిక భర్త కాలు తొందరగా నయం చేసేశాను. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకుండా చూసుకున్నాను. కథానాయిక పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తుంది. మిరపకాయ బజ్జీలు వేస్తుంది. అందరూ కూర్చుని తింటారు. మళ్లీ మరుసటి రోజు ఇంకొకటి వండుతుంది. అలా చాలా పేజీలు రాశాను. ఒకరోజు బస్సులో వాటిని మొదట్నుంచి చదువుకుంటే ఒక్క వాక్యంలోనూ ప్రాణం లేదు. తిని తిని ఆ మనుషులకే విసుగొచ్చి కూర్చున్నట్టుంది.

ఆ పేజీలు తీసేశాను. వాటితో పాటే రాయడం కూడా పోయింది. అది నాకు రెండో భయం. బట్టల కొట్టాయన ఎప్పటిలాగే ఫోనులో అరుస్తున్నాడు. వినబడుతోంది గానీ నాలోకి ఏమీ రావడం లేదు. ముందు సీట్లో ఒక పెద్దామె పక్కనున్న అమ్మాయికి తన కోడలి మీద గంటసేపు చెప్పింది. దిగాక ఒక్క మాట గుర్తులేదు. నలభై ఏళ్లు దాటాక మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు పోతే మళ్లీ రాదని తెలుసు. రాస్తే ఇంట్లో వాళ్లకేమవుతుందోనని భయం, రాయకపోతే నాకేమవుతుందోనని భయం. బస్సు ఎక్కుతుంటే ఒకటి, దిగుతుంటే ఒకటి.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారిని పక్కకు పిలిచి అడిగాను. మనిషి మాటకు నిజంగా ఏదైనా జరిగించే శక్తి ఉంటుందా అని. సంగతంతా చెప్పలేదు. ఆయన పాపం నేను ఎవరితోనో గొడవపడ్డాననుకున్నట్టున్నాడు. మాట చాలా బలమైనదమ్మా, నాలుకతో ఒక ఇంటిని నిలబెట్టవచ్చు, కూల్చవచ్చు, జాగ్రత్తగా ఉండాలి, పొరుగువాళ్లతో సమాధానపడు అన్నాడు. ఆయన చెప్పింది ఆడవాళ్ల పుల్లవిరుపు మాటల గురించి. నేను ఇంటికి మోసుకొచ్చింది మాత్రం వేరే. ఇంటిని కూల్చవచ్చు అన్న ముక్క ఒక్కటే నా చెవిలో మిగిలింది.

సెలవులైపోయి బడి తెరిచాక ఒక పని మొదలుపెట్టాను. నవల జోలికి పోకుండా, ఎవరికీ ఏ హానీ చేయలేని వాక్యాలు రోజుకు కొన్ని రాయడం. బడి వదిలాక బస్సుకు టైముంటే విగ్రహాలు చెక్కే వీధికి పోయేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఆ శబ్దం మధ్య పెరిగాను. అక్కడ ఏ షెడ్డు పక్కన నిలబడినా నన్ను ఎవరూ ఏమీ అడగరు. రాతి పొడి ఎండలో ఎలా లేస్తుంది, తడిపిన రాయి ఏ రంగులోకి మారుతుంది, సగం చెక్కిన చెయ్యి చూస్తే ఏమనిపిస్తుంది, ఇవీ నేను రాసుకున్నవి. ఒకరోజు వాన మీద రాశాను. ఒకరోజు బస్టాండులో నిద్రపోతున్న కుక్క మీద. మనుషుల్ని రానివ్వలేదు. మనుషులొస్తే వాళ్లకు ఏదో ఒకటి జరగాలి.

అవి ఎందుకూ పనికిరావనుకున్నాను. కానీ వేళ్లు కదలడం మర్చిపోలేదు. నెల తిరిగేసరికి బట్టల కొట్టాయన అన్న మాట ఒకటి మళ్లీ నాలోకి దిగింది. భార్యతో అంటున్నాడు, నువ్వు మాట్లాడకుండా ఉంటే నాకు అన్నం సయించదు, మాట్లాడితే నిద్ర సయించదు అని. ఆ రోజు బస్సులో నవ్వు వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

వానలు బాగా పట్టాక మా పాపకు జ్వరం వచ్చింది.

మొదటి రోజు మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గలేదు. రక్తపరీక్ష చేస్తే డెంగీ అన్నారు. ఆస్పత్రిలో చేర్చాం. ఆ వార్డులో అదే జ్వరంతో ఇంకా చాలామంది పిల్లలు ఉన్నారు. వాళ్ల తల్లులందరూ నాలాగే ప్లేట్‌లెట్ల లెక్క కోసం కాచుకుని కూర్చున్నారు. నేను మాత్రం వాళ్లలో కలవలేకపోయాను. వాళ్ల పిల్లలకు దోమ కుట్టి వచ్చింది, మా పాపకు నా వల్ల వచ్చిందని నా నమ్మకం. రాయలేదు కదా అంటే, రాయకపోయినా అనుకున్నాను కదా. రాయబోయే అధ్యాయాల వరుసంతా ఫోనులో ఒకచోట పెట్టుకున్నాను. అందులో 'పాప జ్వరం, చావు' అని ఉంది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని దాన్ని తీసేశాను. తీసేసిన తర్వాత కూడా అది కళ్ల ముందే కనబడుతూ ఉంది.

పాప కోలుకుంది. లెక్క పెరిగిందని నర్సు చెప్పిన పొద్దున, పాప తనంతట తానే లేచి కూర్చుని ఇడ్లీ వద్దు దోసె కావాలని అలిగింది. ఇంటికి తెచ్చుకున్నాక ఆ మధ్యాహ్నమే మా ఆయనకు మొత్తం చెప్పేశాను. ఎడమ కాలు, మోటారు, జ్వరం, అన్నీ. నవల మానేస్తున్నానని చెప్పాను. అప్పటికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఇంకా మిల్లుకు పోవడం లేదు. అంతా విన్నాడు. నవ్వలేదు. ఫోను ఇమ్మన్నాడు. కాలు విరిగే అధ్యాయం తీసి, కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. నా రాత ఆయన చదవడం అదే మొదటిసారి.

"ఏందిమే ఇది" అన్నాడు చివరికి. "దీంట్లో రాయి పడింది. నాకు యాడ రాయి పడింది? నేను బస్తా మీద పడిన తౌడులో కాలు పెట్టి జారినా. నువ్వు రాయకముందు మా మిల్లులో ఎంతమంది పడినారో ఎరుకనా? వాళ్ల గురించి ఎవురు రాసినారు?"

ఆయన మళ్లీ ఫోను వైపు చూశాడు.

"ఇంగొకటి. నొప్పి నొప్పి అని రాసినావు. మొదట నొప్పి కాదు. మొదట సిగ్గు. నా కింద పనిచేసే పిల్లోళ్లు నన్ను నలుగురు కలిసి మోస్తాంటే, ఎవురు చూస్తాండారో అనే నాకు. నొప్పి ఆటోలో ఎక్కినాక తెలిసింది."

ఆయనతో పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన సిగ్గు గురించి మాట్లాడటం నేను వినలేదు. అప్పటికప్పుడు ఆ వాక్యం రాసుకోవాలనిపించింది. భయపడి ఆగాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, కర్ర ఆనించుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

అత్త ఇదంతా వింటూనే ఉంది. వంటింటి గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. కాయలు సగమయ్యాక అత్త తల ఎత్తకుండానే అడిగింది.

"నేనేం రాసినానని పోయింది నా బిడ్డ?"

మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఫోటో కూడా లేదు. ఆ రోజు అత్త తనంతట తాను చెప్పింది. ఆ పాపకు ఐదేళ్లు. అత్త అప్పుడు ఒక పల్లెలో పనిచేస్తోంది. జ్వరం వస్తే ఊళ్లో మందు ఇచ్చారు. తగ్గకపోయేసరికి నంద్యాలకు బస్సులో బయలుదేరారు. పాప ఒళ్లో పడుకుని కిటికీ వైపు చూస్తూ, ఆ చెట్లు ఎందుకు వెనక్కి పరిగెత్తుతున్నాయని అడిగిందట. బస్సు పోతాంది గదా అందుకు అని అత్త చెప్పిందట. నంద్యాల ఇంకా కొంచెం దూరం ఉందనగా పోయింది. ఆ సంగతి పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియనివ్వకుండా, బస్టాండు వచ్చేదాకా అట్లే పట్టుకుని కూర్చుందట అత్త. చెబితే దారిలోనే దించేస్తారేమోనని.

ఆమె ఏడవలేదు. చేతులు ఆగలేదు. నాకే ముందు పెట్టుకున్న కాయలు కనబడలేదు.

"దేవుడు ఇచ్చినాడు, తీసుకున్నాడు అంటారు అందరూ. నేనూ అంటా. ఎందుకు తీసుకున్నాడో మాత్రం ఈ పొద్దుకీ నాకు చెప్పలా" అంది. కాసేపటికి మళ్లీ అంది. "రాసేది రాసుకో. మా పాప పేరు మాత్రం పెట్టాకు."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. రాతకు ఏ శక్తీ లేదని నాకు ధైర్యం చెప్పిన మనిషే, తన బిడ్డ పేరు మాత్రం కాగితం మీదికి రానివ్వలేదు. ఆమెకూ ఎక్కడో ఒక మూల భయం ఉంది. నా ఒక్కదానిదే కాదని తెలిసేసరికి దాని బరువు కొంచెం తగ్గింది.

అయినా పాప చావు వెంటనే రాయలేదు. ముందు కాలు విరిగే అధ్యాయం తిరగరాశాను. అతన్ని నలుగురు మోసుకుపోతుంటే అతను వీధిలో తలుపుల వైపు చూడటం, ఎవరూ చూడకూడదని కోరుకోవడం రాశాను. ఎండాకాలం నుంచి చచ్చిపడి ఉన్న నవల అక్కడ కదిలింది. ఆ తర్వాత రాతి పొడి మీద, వాన మీద రాసుకున్న ముక్కలన్నీ ఒక్కొక్కటే వచ్చి చోటు చూసుకుని కూర్చున్నాయి. మిగిలింది ఆ ఒక్క అధ్యాయం.

చలికాలంలో పాప బడి వాళ్లు పిల్లల్ని యాగంటికి తీసుకుపోతామన్నారు. నేను వద్దన్నాను. గుహలు, ఎత్తు మెట్లు, కోనేరు, బస్సు ప్రయాణం, ఏది తలచుకున్నా నాకు వణుకే. పాప ఏడ్చింది. మా ఆయన ఎటూ చెప్పలేదు. అత్తే పంపించింది. మనం చర్చికి పోయేవాళ్లమైతే మాత్రం కొండలు చూడకూడదా, పిల్లోళ్లతో కలిసి పోనీ అంది. పొద్దున్నే పులిహోర కట్టి ఇచ్చింది. పాప బడి బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. నేను మా బస్సు ఎక్కాను.

ఆ రోజే రాయాలని ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పాప ఇంట్లో క్షేమంగా కళ్ల ముందు ఉన్న రోజు రాస్తే, భయాన్ని మోసం చేసినట్టే. అది మళ్లీ వస్తుంది. అందరికంటే ఎక్కువ భయపడుతున్న రోజు రాయగలిగితేనే ఇక ఎప్పుడైనా రాయగలను అనిపించింది. మొదటి వాక్యం టైపు చేస్తుంటే అక్షరాలు తప్పులు పడ్డాయి. దిద్దుకున్నాను. నవలలో పాప తల్లి ఒళ్లో పడుకుని ఉంది. చెట్ల గురించి అత్త చెప్పిన మాట నేను వాడుకోలేదు. అది అత్తది. మా పాప ఆస్పత్రిలో అన్న మాటలు కూడా వాడుకోలేదు. ఆ పిల్లకు తనదైన మాట ఏదో ఒకటి కావాలి. చాలాసేపు వెతికాను. చివరికి ఆ పిల్ల, నాయన సగం చెక్కి వదిలేసిన విగ్రహానికి చలేస్తుందేమో, గోనె కప్పమని అడిగింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వచ్చింది.

సగంలో ఉండగా ఫోను మోగింది. పాప బడి నంబరు. నా చేతిలో ఫోను జారి ఒళ్లో పడింది. బస్సులో పక్కనామె నా వైపు చూసి ఏమైందని అడిగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే, ఎవరో టీచరు, మీ పాపకు బస్సులో వాంతి అయ్యింది, ఇప్పుడు బాగానే ఉంది, నిమ్మకాయ ఇచ్చాం, వాంతి మాత్ర ఇస్తే పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాను. ఫోను పెట్టేసి కాసేపు కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత మళ్లీ రాశాను. మధ్యాహ్నం ఖాళీ పీరియడులో, స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉండగా, ఆ పిల్ల చనిపోయింది. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. లెక్కల సారు లోపలికి వచ్చి చూసి, ఏమీ అడగకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం పాప వాళ్ల బస్సు వచ్చేదాకా వాళ్ల బడి గేటు దగ్గరే నిలబడ్డాను. పాప దిగింది. మెట్లు ఎక్కి కాళ్లు లాగుతున్నాయని, యాగంటిలో కాకులు వాలవని అందరూ అనేది నిజమేనని, ఒక్కటి కూడా కనబడలేదని చెబుతోంది. నేను గట్టిగా పట్టుకునేసరికి, అందరూ చూస్తున్నారని విడిపించుకుంది.

ఏమీ జరగలేదు. వారం గడిచింది, నెల గడిచింది. నా భయం నెమ్మదిగా నమ్మడం మానేసింది. మా ఆయన కర్ర పక్కన పెట్టి మిల్లుకు పోవడం మొదలుపెట్టాడు. నేను చివరి అధ్యాయాల్లోకి వచ్చాను. ఆమె ఉలి పట్టింది. పక్కింటి ముసలామె ఆమె మొదటి పనిని చూసి, ఇది నంది అంటే నందే నవ్వుతుందని వెక్కిరిస్తుంది. అది రాస్తూ నేనే నవ్వుకున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున వంటింట్లోంచి నన్ను తోసేయడానికి ఎవరూ రాలేదు. వెళ్లి చూస్తే అత్త తన గదిలో కుర్చీలో కూర్చునే ఉంది. బైబిలు ఒళ్లో తెరిచి ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పిలిచాను. భుజం పట్టుకున్నాను. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. బాధపడి ఉండదన్నాడు.

నేను ఆ సంగతి ఎక్కడా రాయలేదు. అనుకోలేదు కూడా. నవలలో పక్కింటి ముసలామెగా ఆమె చివరి పేజీ దాకా బతికే ఉంది, అందరి కంటే గట్టిగా. ఏడాదిగా మొగుడి కాలి వైపు చూశాను, బిడ్డ నుదుటి వైపు చూశాను. నా భయం ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు. నేను భయపడిన వాళ్లిద్దరూ క్షేమంగా ఉన్నారు. భయపడని మనిషి పోయింది. సమాధుల తోట నుంచి తిరిగి వస్తూ ఆటోలో అదే ఆలోచన. నా రాత ఎవరినీ చంపలేదని ఆ రోజు పూర్తిగా తెలిసింది. ఎవరినీ కాపాడలేదని కూడా.

ఆ తర్వాత చాలాకాలం ముసలామె ఉన్న పేజీలు తెరవలేకపోయాను. తెరిచినప్పుడు ఆమె మాటలు అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చలేదు. ఇప్పుడు ఇంకో రకం భయం పట్టుకుంది. నవల ముగిస్తే ఆమె గొంతు మళ్లీ వినబడదేమోనని. చివరి అధ్యాయం రోజుకు ఒక్కొక్క వాక్యం చొప్పున సాగదీశాను. మా ఆయనే ఒకరోజు, ఎన్నాళ్లు దువ్వుతావు దాన్ని, జుట్టు ఊడిపోతుంది అన్నాడు. ఆ వారంలో ముగించాను.

రాతప్రతిని మొదట చదివింది కర్నూల్లో ఉండే ఒక పెద్దాయన, నా పాత కథల్ని పత్రికలో వేసుకున్నాయన. చాలా శ్రద్ధగా చదివి, చాలా చోట్ల మంచి సలహాలు ఇచ్చాడు. దాదాపు అన్నీ పాటించాను. చివరి అధ్యాయాల్లో పక్కింటి ముసలామెకు పనేమీ లేదని, ఊరికే కూర్చుని మాట్లాడుతోందని, ఆమెను తీసేస్తే కథ బిగువుగా ఉంటుందని కూడా అన్నాడు. ఫోనులో సరేనన్నాను. తర్వాత బస్సులో ఆ పేజీలు తెరిచి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆమెకు అక్కడ పనేమీ లేదు. కథానాయిక రాయి చెక్కుకుంటోంది, ముసలామె పీట వేసుకుని కూర్చుని, ఆ ఉలి అట్ల పట్టుకోరని చెబుతోంది. ఆమె జన్మలో ఉలి ముట్టుకోలేదు. అయినా చెబుతోంది. నేను ఏమీ తీసేయకుండానే ఫోను మూసేసి బస్సు దిగాను.